కార్వరు చదువు

అమెరికాలో కాన్సాసు రాష్ట్రమునందలి హైలాండు అను ఊరి కళాశాలవారు 1885 ప్రాంతమున ఒక విద్యార్థి దరఖాస్తును చూచి, చేర్చుకొందుమని ఉత్తరము వ్రాసిరి. ఉత్తరములో మేనిరంగు కనబడదు గదా! ఆ యువకుడు ప్రయాణము చేసి వచ్చి ఎదుట నిలువగానే ప్రవేశము లేదనిరి. అతడు నల్లవాడగుటయే కారణము. అతడే పిదప వ్యవసాయశాస్త్రమున లోకప్రసిద్ధి గాంచిన జార్జి వాషింగ్టను కార్వరు.

అతడు 1864 ప్రాంతమున మిస్సోరీ రాష్ట్రమున డైమండు అను పల్లె చెంత బానిసబిడ్డగా పుట్టెను. పసితనముననే దోపిడిగాండ్రు తల్లిని బిడ్డను ఎత్తుకొనిపోయిరి. యజమాని మోజెసు కార్వరు ఒక గుఱ్ఱమును బదులిచ్చి బిడ్డను రప్పించెను. తల్లి జాడ మరల తెలియలేదు. బానిసత్వము రద్దయిన పిమ్మట ఆ యజమాని దంపతులే బాలుని పెంచి అక్షరములు నేర్పిరి. కాని ఊరిబడిలో నల్లపిల్లలకు చోటు లేదు. నియోషో పట్టణమున నల్లపిల్లల బడి కలదని విని, బాలుడు ఇల్లు విడిచి అచటికి పోయి, మరియా వాట్కిన్సు అను నల్లజాతి స్త్రీ యింట పనిపాటలు చేయుచు చదివెను. ఆ చిన్నబడి నేర్పగలిగినది త్వరలోనే ముగిసెను. కాన్సాసుకు పోయెను. అచట 1879లో ఫోర్టుస్కాటు పట్టణమున అల్లరిమూక ఒక నల్లవానిని చంపుట చూచి ఆ ఊరు విడిచెను. వేరొక చోట బట్టలుతికి, ఇస్త్రీ చేసి హైస్కూలు చదువు సాగించెను. ఇంత చేసి హైలాండు వచ్చినవానికి తలుపు మూయబడినది.

విజయగాథలు చెప్పువారు తరువాతి యేండ్లను తేలికగా దాటిపోవుదురు. కార్వరు పడమటి కాన్సాసు మైదానమున గడ్డివేళ్లు పట్టిన మట్టిపెళ్లలతో గుడిసె కట్టుకొని సేద్యము చేసెను. 1890లో అయోవా రాష్ట్రమున సింప్సను కళాశాల చేర్చుకొనునప్పటికి అతనికి ఇరువదియైదేండ్లు దాటినవి. పాఠము చెప్పువారెవరైనను ఈ నష్టమును లెక్కింపగలరు.

అచట చిత్రలేఖనము నేర్చుచుండగా, అతడు వ్రాసిన మొక్కల బొమ్మలను చూచి ఉపాధ్యాయిని ఎట్టా బడ్డు వ్యవసాయశాస్త్రము చదువుమని సలహా నిచ్చెను. నల్లవానికి చిత్రలేఖనము అన్నము పెట్టదని ఆమె భయము. 1891లో ఎయిమ్సునందలి రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో చేరెను. నల్లజాతి విద్యార్థి ఆ కళాశాలకు అతడే మొదటివాడు. తోటివారితో భోజనశాలలో కూర్చుండనీయక, నేలమాళిగలో పొలము కూలీలతో తినుమనిరి. అది విని పాతయూరి నుండి ఒక శ్వేతజాతి స్త్రీ వచ్చి, అతనితోపాటు అచటనే కూర్చుండి భోజనము చేసెనట. 1894లో పట్టము పొందిన పిదప ఆ కళాశాలయే అతనిని బోధకవర్గమున చేర్చుకొనెను.

1896లో బుకర్ టి. వాషింగ్టను పిలుపుపై అలబామాలోని టస్కెగీ సంస్థకు పోయెను. ఆ సంవత్సరముననే అమెరికా సుప్రీముకోర్టు, సౌకర్యములు సమానమైనచో జాతులను వేరుపరచుట రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. కార్వరు తక్కిన జీవితమంతయు ఆ తీర్పు నీడలోనే గడచెను.

ప్రత్తి పంటతో సారము చచ్చిన నేలలలో పేద నల్లరైతులు కష్టపడుచుండిరి. వేరుసెనగ, అలసంద నేలకు నత్రజనిని తెచ్చునని అతడు బోధించెను. మన రాయలసీమ రైతుకు వేరుసెనగను గూర్చి చెప్పవలసినది లేదు. అచట పండించిన పిదప దానిని ఏమి చేయవలెననునదియే ప్రశ్న. 1916లో వేరుసెనగను తినుటకు 105 విధములు తెలుపు చిన్న పుస్తకమును వెలువరించెను. వేరుసెనగ వెన్నను అతడే కనిపెట్టెననుట మాత్రము కట్టుకథ.

1921లో వేరుసెనగపై దిగుమతి సుంకమును గూర్చి శాసనసభా సంఘము ఎదుట మాటాడుటకు అతనికి పది నిమిషములిచ్చిరి. ఒక సభ్యుడు పుచ్చకాయ మాట తెచ్చి ఎగతాళి చేసెను. నల్లవారిని హేళన చేయుటకు ఆ పండు పేరు అచట వాడుక. కార్వరు తొణకలేదు. సభ్యులే గడువు పెంచి వినిరి.

జాతివివక్షపై అతడు గొంతెత్తలేదని తప్పుపట్టినవారున్నారు. ఆ నింద పూర్తిగా నిరాధారము కాదు. అయినను దక్షిణరాష్ట్రముల శ్వేతజాతి కళాశాలలకు పోయి, శ్వేతజాతి విద్యార్థుల ఎదుట ఉపన్యాసకుడుగా నిలుచుట ఆనాడు చిన్న పని కాదు.

1943 జనవరి 5న కార్వరు టస్కెగీలో మరణించెను. ఆ యేడే అతని జన్మస్థలమును జాతీయ స్మారకముగా ప్రకటించిరి. 1954లో సుప్రీముకోర్టు, ప్రభుత్వ పాఠశాలలలో జాతులను వేరుపరచుట చెల్లదని తీర్పునిచ్చినది. ఆ తీర్పునకు పేరిచ్చిన వ్యాజ్యము కాన్సాసులోని టొపీకా నగరము నుండి వచ్చినదే.