పాటలో లెక్క చెప్పిన తహసీల్దారు

ఈ ఏటి సంచికకు ఏదైనా వ్రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, మా వైపు మనిషిని గురించే వ్రాస్తానని ఒప్పుకున్నాను. మా వైపు అంటే ఖమ్మం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా పోయే అడవి అంచు. మనిషి పేరు కంచెర్ల గోపన్న. లోకానికి భద్రాచల రామదాసు. ఆయన కథ తెలియని తెలుగువాడెవడు, కొత్తగా చెప్పేదేముంది అని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను.

ఆ అనుకోవడం చెడింది మన కాలేజీ లైబ్రరీలోనే. హాస్టల్లో ఉన్న రోజుల్లో పరీక్షకు చదవవలసినవి వదిలేసి, చదవనక్కరలేనివి చదివే జబ్బు నాకుండేది. అట్లా ఒకసారి పాశ్చాత్యుల సింఫనీల మీద వ్రాసిన లావుపాటి పుస్తకం చేతికి తగిలింది. సింఫనీ అనేదాన్ని అప్పటికి నేను చెవితో ఎరగను. అయినా చదివాను. బీథోవెన్ మూడో సింఫనీని నెపోలియన్ మీది అభిమానంతో వ్రాసుకున్నాడనీ, 1804లో ఆ నెపోలియన్ చక్రవర్తినని చాటుకున్నాడని విని, కోపం పట్టలేక అతని పేరున్న మొదటి పుటను చించేశాడనీ ఒక అధ్యాయమంతా వ్రాశారు. ఒక్క సంగీత రచన చుట్టూ ఎంత చరిత్ర, ఎంత రాజకీయం! ఏ వాద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో అంతా కాగితం మీద ఉంది గనుక, ప్రతి గీతకూ వాళ్ళు వ్యాఖ్యానం వ్రాయగలుగుతున్నారని నాకు తోచింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ సెలవుల్లో ఇంటికి పోతే, మా నాయనమ్మ దేవుడి గూట్లో రామదాసు కీర్తనల పుస్తకం కనిపించింది. అట్ట లేదు. మొదటి నాలుగైదు పుటలు లేవు. ప్రతి పాట నెత్తిన రాగం పేరూ తాళం పేరూ, కింద సాహిత్యం, అంతే. స్వరం అన్నది లేదు. మా నాయనమ్మకు చదువు రాదు. అయినా పుస్తకం ముందు పెట్టుకొని, పుటలు తిప్పుకుంటూ పాడేది. తిప్పిన పుటకూ పాడే పాటకూ పొంతన ఉండేది కాదు. అంతకుముందు అది చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ సెలవుల్లో మాత్రం నవ్వు రాలేదు. పుస్తకంలో లేని స్వరమంతా ఆమె దగ్గరే ఉందని అర్థమైంది. అప్పుడు ఆ చిరుగుల పుస్తకాన్ని, భక్తి సంగతి కాసేపు పక్కనపెట్టి, ఒక మనిషి జీవితంలాగా మొదటిసారి చదివాను.

గోపన్న పదిహేడో శతాబ్దంలో నేలకొండపల్లిలో పుట్టాడు. ఖమ్మానికి దగ్గరలోని ఊరే. తండ్రి లింగన్న, తల్లి కామాంబ, నియోగి కుటుంబం. అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, మనం తానీషా అనే ఆయన, కొలువులో చక్రం తిప్పిన మంత్రులు వాళ్ళు. మేనమామల చలువతోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలు దొరికింది. ఇందులో దాచేదేమీ లేదు. సిఫారసు ఉద్యోగమే.

భద్రాచలం ఆ పరగణాలోదే. (ఈ ఊరికి జిల్లాలు మారడం మామూలే. 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తరవాత ఖమ్మంలో కలిసింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.) గోదావరి గట్టున అప్పటికి గుడి లేదు. పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ పుట్టలో విగ్రహాలు కనిపెట్టి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకుంటున్నదని స్థలపురాణం. తహసీల్దారు వసూళ్ళకు తిరుగుతూ వచ్చి ఆ పందిరి చూశాడు. నా మటుకు నాకు ఈ కథలో మొదటి మనిషి దమ్మక్కే. గోపన్న కట్టించింది ఆమె పందిరి ఉన్నచోటనే.

చందాలు పోగుచేశాడు, చాలలేదు. సర్కారు శిస్తు చేతిలో ఉంది. దాన్ని గుడికి ఖర్చుపెట్టాడు. సుల్తాను అనుమతి లేదు.

ఇక్కడ హాస్టల్లో మాకు పెద్ద తగవే జరిగింది. ప్రభుత్వ సొమ్ము సొంతంగా వాడినవాణ్ణి భక్తుడంటూ ఎందుకు మోయాలని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. అది రైతు చెమట గదా అన్నాడు. నేను అప్పుడు వాదించి అరిచానేగాని, ఏమాటకామాటే చెప్పుకోవాలి, అతని మాటలో న్యాయముంది. తానీషా చేసింది ఏ సర్కారైనా చేసే పనే. లెక్క అడిగాడు, లెక్క తేలలేదు, గోల్కొండ బందీఖానాలో వేశాడు. గోపన్న ఒక్క పైసా తన ఇంటికి తీసుకుపోలేదన్నది ఎంత నిజమో, అడగకుండా వాడాడన్నదీ అంతే నిజం.

ఆశ్చర్యమేమిటంటే, దర్బారులో తేలని ఆ లెక్కను గోపన్న జైల్లో పాటగా అప్పజెప్పాడు. ఇక్ష్వాకు కులతిలక అనే కీర్తన మీరందరూ విన్నదే. రాగమూ భక్తీ పక్కనపెట్టి చదవండి, అదొక ఖర్చుల పద్దు. ప్రాకారం కట్టించినందుకు పదివేలు. భరతుడికి పచ్చల పతకం, పదివేలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, పదివేలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, అవీ పదేసివేలు. ఏ పద్దు చూసినా పదివేలేనంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. వరహా మొహరీల తేడా వదిలేసి కూడితే యాభైవేలు వస్తుంది. జనం కథలో బాకీ ఆరు లక్షలు! రాముడికి చేయించిన కలికితురాయికి మాత్రం ధర వేయలేదు. అక్కడికొచ్చేసరికి గుమాస్తా పోయి మనిషి బయటపడ్డాడు. ఎవరి సొమ్మనుకొని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీశాడు. నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని దెప్పిపొడిచాడు. ఆ వెంటనే, తిట్టినందుకు బాధపడవద్దనీ, దెబ్బలు ఓర్చుకోలేక అన్నాననీ వేడుకున్నాడు.

ఆ దెబ్బలమాట దగ్గర నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఇది కవిత్వం కోసం అన్న మాట కాదు. ఒంటి మీద దెబ్బ పడుతున్నవాడి మాట. ఆయన మిగతా పాటల్నీ ఈ వెలుగులో చూస్తే ఎన్నో సంగతులు తెలుస్తాయి. కల్యాణి రాగంలో సీతమ్మను పట్టుకొని, భర్తకు నా మాట చెప్పమని బతిమాలుకున్న పాట ఉంది గదా. మేనమామల సిఫారసుతో కొలువులో చేరినవాడికి సిఫారసు విలువ తెలుసు. బయట మేనమామలు మంత్రులై కూడా విడిపించలేని చెరలో, ఇక మిగిలిన సిఫారసు అదొక్కటే. ఆనందభైరవిలో, ఎంత పిలిచినా పలకవేమని అడిగిన పాటలో ఉన్నది గోడల మధ్య నిశ్శబ్దం. దాశరథీ శతకం పండితుడి రచన. ఈ కీర్తనలు ఖైదీవి.

పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడని కథ. చరిత్ర విద్యార్థిగా నాకిది మింగుడుపడదు. తానీషా గద్దెనెక్కింది 1672లో, కోట పోగొట్టుకున్నది 1687లో. ఆ పదిహేనేళ్ళలోనే మేనమామలు పైకి రావాలి, మేనల్లుడికి ఉద్యోగం రావాలి, గుడి లేవాలి, ఆ పైన పన్నెండేళ్ళ చెర. కుదరదు. పన్నెండు అనేది పాండవుల వనవాసం లెక్క, జనం దుఃఖాన్ని కొలిచే కొలత. మంత్రోపదేశం చేశాడనే కబీరు కూడా, ఉత్తరాది కబీరే అయితే, అంతకు రెండు వందల ఏళ్ళ ముందటివాడు. రామోజీ లక్ష్మోజీలనే ఇద్దరు నౌకర్ల వేషంలో రామలక్ష్మణులే వచ్చి, రాత్రికి రాత్రి సుల్తానుకు బాకీ కట్టి రసీదు పుచ్చుకున్నారన్నది అందరికీ తెలిసిన ముగింపు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఆ కథలోనూ రసీదు మరిచిపోలేదు చూశారా, అది నాకు నచ్చింది.

కల్యాణానికి తానీషా ముత్యాల తలంబ్రాలు పంపాడంటారు. ఆ ఆనవాయితీ నిజాముల కాలం దాటి ప్రజాప్రభుత్వాల దాకా వచ్చింది. సుల్తాను మీద మా వైపు జనానికి కోపం లేదు. ఆయన గతి కూడా ఏమంత మంచిది కాదు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడే ఔరంగజేబు గోల్కొండ పట్టుకొని తానీషాను దౌలతాబాదు కోటకు పంపాడు. సుమారు పుష్కరకాలం ఆయన అక్కడే బందీగా ఉండి, అక్కడే కన్నుమూశాడు.

పాటలు మాత్రం ప్రయాణం కట్టాయి. భజన గోష్ఠుల వెంట దక్షిణానికి దిగి కావేరి ఒడ్డు చేరాయి. 1767లో పుట్టిన త్యాగరాజు, బీథోవెన్‌కంటే మూడేళ్ళే పెద్ద, తన క్షీరసాగరశయన కీర్తనలో రామదాసు చెర విడిపించిన సంగతి తాను విన్నానంటాడు. చదివాననలేదు. విన్నానన్నాడు. అచ్చుపుస్తకాలు చాలా తరవాతి మాట. అవి వచ్చాక కూడా నేను చూసిన పాత ప్రతుల్లో సాహిత్యమే ఉంది. 1904లో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చువేసి, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలకు గమకాలతో సహా స్వరం వ్రాసిపెట్టారు. మా ఖైదీకి అంతటి శిష్యపరంపర ఎక్కడిది? మంగళంపల్లి బాలమురళీకృష్ణ రేడియోలోనూ రికార్డుల్లోనూ పాడి ఈ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు. 1964లో నాగయ్య రామదాసు సినిమా తీసి తానే ఆ పాత్ర వేశారు. స్వరపరిచిన పుస్తకాలూ తరవాత వచ్చాయి. అంతా మంచిదే. కాని రేడియోలో విన్న వరస ఒకటి, మా నాయనమ్మ పాడే వరస ఒకటి. ఆ పద్దుల పాటను ఆమె ఒక్కో నగ దగ్గరా ఆగి, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ పాడేది.

గోల్కొండలో రామదాసు బందీఖానా అని చూపించే గదిలో నేనొకసారి చాలాసేపు నిలబడ్డాను. గోడకు చెక్కిన బొమ్మలు, పైన చిన్న కంత, అందులోంచి పడే వెలుతురు. అక్కడినుంచి వచ్చాకే, సంగీతం తెలిసిన ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకొని మా ఊరు పోయాను. టేపురికార్డరు ముందు పెడితే నాయనమ్మ గొంతు పెగల్లేదు. తీసేశాం. మామూలుగా వత్తులు చేసుకుంటూ పాడుతుంటే, మిత్రుడు ఆ పుస్తకం అంచుల్లోనే పెన్సిలుతో స్వరం వ్రాసుకున్నాడు. రెండు సెలవుల్లో తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. మూడోసారి పోయేసరికి ఆమె లేదు.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. తొమ్మిది పాటలకు పెన్సిలు గీతలు, మిగతావాటికి ఖాళీ అంచులు. ఇల్లెందు, బూర్గంపాడు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన విద్యార్థులు మనలో ఎప్పుడూ కొందరుంటారు. మీ ఇళ్ళల్లో ఈ పాటలు పాత వరసల్లో పాడే ముసలివాళ్ళుంటే, సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు పక్కన కూర్చుని వినండి. సంగీతం రాకపోయినా ఫరవాలేదు, నాకూ రాదు.