పిలుపులకు లెక్కగట్టిన బడిపంతులు

డెన్మార్కు దేశమున లోన్‌బోర్గ్ గ్రామమున, 1878 జనవరి 1వ తేదీన, ఒక బడిపంతులు ఇంట ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ జన్మించెను. అన్నదమ్ములిద్దరికి పుస్తకమొక్కటే యైనపుడు, బల్లకు ఎదురువైపున కూర్చుండి అక్షరములను తలక్రిందులుగా చదువుకొనుట ఆ బాలుని అలవాటు. వయస్సు చాలకున్నను ప్రత్యేకానుమతితో 14వ యేటనే పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. 1901లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున గణితమునందు పట్టము పొంది, ఏడేండ్లు పాఠశాలలలో బోధించెను.

1908లో ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చేరెను. అచటి చిక్కు చిన్నది కాదు. వేలకొలది చందాదారులలో ఎవరు ఏ క్షణమున పిలుతురో ఎవరును చెప్పజాలరు. పిలిచినవారికి తత్‌క్షణమే దారి దొరకవలెను. తీగలు తక్కువైన పిలుపులు వ్యర్థము. ఎక్కువైన ధనము వ్యర్థము.

ఒక్కొక్క పిలుపును వెంబడించుట మాని, అన్నిటిలోని క్రమమును ఎర్లాంగ్ వెదకెను. పరస్పర సంబంధము లేక వచ్చు పిలుపులు పాయిజాన్ విభాజనమునకు లోబడునని 1909లో చూపెను. ఎందరికి దారి దొరకదో, ఎంతసేపు వేచియుండవలెనో తెలుపు సూత్రములను 1917లో ప్రకటించెను. సగటున ఒకేసారి 10 సంభాషణలు సాగునంతటి రద్దీకి 10 తీగలే యున్నచో, నూర్గురిలో 21 మందికి దారి దొరకదు. 18 తీగలున్నచో నూటికి ఒక్కరైనను నిరాశ చెందరు. తీగలను రెట్టింపు చేయనక్కరలేదని దీనివలన తేలుచున్నది.

గణితజ్ఞుడైనను ఆయన కాగితమునకే పరిమితుడు కాలేదు. నిచ్చెన మోయు పనివానితో నగరవీధులలో తిరిగి, కేబుళ్ల గోతులలోనికి దిగి, కొలతలు స్వయముగా తీసికొనెడివాడు. అవివాహితుడు; పేదలకు ఉదారముగా దానము చేసెడివాడు. ఇరువది యేండ్లకు చేరువైన కొలువులో అస్వస్థతచే ఒక్కనాడును పని మానని ఆయన, శస్త్రచికిత్స యనంతరము 1929 ఫిబ్రవరి 3న, 51వ యేట మరణించెను.

1946లో టెలిఫోన్ రద్దీని కొలుచు ప్రమాణమునకు ఆయన పేరిడిరి. 1980వ దశకమున స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థ టెలిఫోన్ కేంద్రములకై రూపొందించిన కంప్యూటరు భాష పేరును ఎర్లాంగే. అందు పని యంతయు వేలాది చిన్న ప్రక్రియలుగా విడివడియుండును. ఒకటి చెడినను తక్కినవి సాగును.

నేటి కంప్యూటరు వలయములకును ఆయన సూత్రములే తొలిపాఠము. అయితే పిలుపులు ఒకదాని నొకటి ఎరుగకుండుటయే ఆ లెక్కకు పునాది. పరీక్షా ఫలితముల దినమున లక్షలాది విద్యార్థులు ఒక్కసారిగా అడిగినపుడు ఆ పునాది కదలును, యంత్రములు తడబడును. సూత్రమును బోధించునపుడు అది నిలుచు హద్దును గూడ బోధించుట ఉపాధ్యాయుని విధి.