కనిపెట్టుకొనిన భక్తుడు పగోలు వెంకయ్య



శతవార్షికోత్సవ సమయమున మనము బిషప్పులను, మిషనెరీలను, ఆలయములు కట్టించిన దాతలను కృతజ్ఞతతో స్మరించుకొనుట యుక్తమే. అయితే కృష్ణా మండలపు సంఘ చరిత్రలో గురువుగా అభిషేకము పొందని, ఏ ఉన్నత పదవియు ఎరుగని ఒక గ్రామీణుని పేరు వీరందరికంటె ముందు నిలిచియున్నది. ఆయనే రాఘవాపురము పగోలు వెంకయ్యగారు. ఆయన జీవితమును మన యువజనుల కొరకు క్లుప్తముగా వ్రాయుచున్నాము.

వెంకయ్యగారు 1811 ప్రాంతమున, నందిగామ వైపునున్న రాఘవాపురములో మాల కుటుంబమున జన్మించిరి. ఆ దినములలో మాలపల్లె ఊరికి వెలుపల. గుడి వాకిలి వారికి మూత, బడి వాకిలియు మూతే. యౌవనమున వెంకయ్యగారు దోపిడీగాండ్రకు నాయకుడై, చుట్టుపట్ల గ్రామములవారికి భయము పుట్టించిన మనుష్యుడు. ఈ సంగతిని మన పెద్దలెన్నడును దాచలేదు, మేమును దాచము. దేవుని కృప ఎక్కడ మొదలైనదో తెలియనిదే అది ఎంత దూరము నడిపించినదో మనకు తెలియదు.

1849 ప్రాంతమున ఆయన చెవిని ఒక మాట పడినది. విగ్రహములు వట్టివనియు, సర్వమును సృజించిన గొప్ప దేవుడు ఒక్కడే కలడనియు ఎవరో తెల్లవారు చెప్పగా, ఆ మాట నోటినోట పాకి రాఘవాపురము చేరినది. దానితోపాటు బైబిలు రాలేదు, బోధకుడు రాలేదు. యేసు నామమైనను ఆయనకు తెలియదు. అయినను ఆ ఒక్క మాట పట్టుకొని వెంకయ్యగారు విగ్రహములను విడిచి, ఆ గొప్ప దేవుడెవరో, ఎక్కడనున్నాడో తనకు చూపించుకొనుమని దినదినము ప్రార్థించుచు వచ్చిరి. జవాబు లేకుండగనే సంవత్సరములు గడచినవి. ప్రార్థన మాత్రము ఆగలేదు.

ఇదే కాలమున మిషనెరీలును కనిపెట్టుకొనుచుండిరి. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బందరులో పాఠశాల స్థాపించిరి. విద్యార్థులలో మొదటి ఇద్దరు, రత్నముగారు, భూషణముగారు, బాప్తిస్మము పొందినది 1852లో. నోబుల్‌గారు స్వదేశమునకు ఒక్కసారియైనను తిరిగి వెళ్ళక, 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఓర్పు గొప్పది. కాని అగ్రవర్ణముల వారి కొరకు నడచిన ఆ పాఠశాలలో మాల మాదిగల బిడ్డలకు చోటు లేదు. బెజవాడలో డార్లింగ్ దొరగారును ఏండ్ల తరబడి పంట కానక సేవ చేయుచుండిరి. సేవకులు ఒక వాకిలివైపు చూచుచుండగా, దేవుడు వేరొక వాకిలిని సిద్ధపరచుచుండెను.

1859లో, కృష్ణా స్నానముల తిరునాళ్ళకు వెంకయ్యగారు బెజవాడ వచ్చిరి. మన గవర్నరుపేటకు ఆ నదీతీరము ఎంతో దూరము కాదు. నాటికి ఆనకట్ట పూర్తియై నాలుగేండ్లే. వేలాది జనులు నీట మునిగి లేచుచుండగా ఆయన మాత్రము తన ప్రశ్ననే అడుగుచు తిరిగిరనియు, అక్కడి బ్రాహ్మణుడొకరు దగ్గరలోనున్న దొరగారిని అడుగుమని చెప్పిరనియు మన పెద్దలు చెప్పుకొందురు. అట్లు డార్లింగ్‌గారి యొద్దకు చేరి, తాను ఇన్నాళ్ళు పేరెరుగక పిలిచిన దేవుని గూర్చియు, ఆయన కుమారుని గూర్చియు వినిరి. వినిన వెంటనే, తాను వెదకినవాడు ఈయనేయని గుర్తించిరి. డార్లింగ్‌గారు రాఘవాపురము వెళ్ళి, అదే సంవత్సరమున ఆయనకును, ఆయనతో విశ్వసించిన వారికిని బాప్తిస్మమిచ్చిరి.

అటుపిమ్మట ముప్పది ఏండ్లకు పైగా, 1891లో మరణించువరకు, వెంకయ్యగారు ఒకప్పుడు తనకు భయపడిన గ్రామములకే సువార్త మోసికొనిపోయిరి. వియ్యములు, బంధుత్వములు ఉన్న దారి వెంట పల్లె తరువాత పల్లెకు సువార్త సాగినది. ఆ పల్లె సంఘములే ముందు దోర్నకల్ అధ్యక్ష మండలములోను, 1947 తరువాత దక్షిణ ఇండియా సంఘములోను మన బలమైనవి.

మన తెలుగు బైబిలులో కనిపెట్టుకొనుట అను మాట తరచుగా వచ్చును. రైతు కోతకు వచ్చిన చేనిని రాత్రింబగళ్ళు కనిపెట్టుకొని యుండును. అది చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. చేను తనదని నమ్మినవాడే కావలి కాయును. కనిపెట్టుట యనగా కనుగొనుట యనియు మన భాషలో అర్థమున్నది. వెంకయ్యగారి జీవితమున ఈ రెండు అర్థములును నెరవేరినవి.

నేడు మన ప్రార్థనకు నెల తిరుగకమునుపే జవాబు రాకున్న మనము నీరసించుచున్నాము. ఉద్యోగము రాని బిడ్డ కొరకు, త్రాగుడు మానని భర్త కొరకు, తీరని వ్యాధి కొరకు మన సంఘములలో మౌనముగా మోకాళ్ళూనువారు ఎందరో కలరు. వారు అనుకొనిన జవాబే వచ్చునని మేము చెప్పజాలము. అయితే బైబిలు చేతలేని మనుష్యుని ప్రార్థనను ఆలకించిన దేవుడు వారి ప్రార్థనను ఆలకించుచున్నాడని మాత్రము నిశ్చయముగా చెప్పగలము. మరియొక మాట. తన ప్రశ్నతో మన ఆలయపు గడప తొక్కువాడు ఏ కులమువాడైనను, ఎట్టి గతము గలవాడైనను, వానిని త్రోసివేయకుందము గాక. వాడు ఎన్నేండ్ల నుండి కనిపెట్టుకొనుచున్నాడో మనమెరుగము.