సర్ ఆల్బర్ట్ హోవర్డ్

కర్షకులకు వ్యవసాయము నేర్పుటకై ఈ దేశమునకు వచ్చిన ఆంగ్లేయోద్యోగులు పెక్కుమంది కలరు. కర్షకులయొద్దనే తాము నేర్చుకొంటిమని బహిరంగముగా ఒప్పుకొన్నవారు మాత్రము మిక్కిలి అరుదు. అట్టివారిలో సర్ ఆల్బర్ట్ హోవర్డ్ అగ్రగణ్యుడు. నేడు లోకమంతట సేంద్రియ వ్యవసాయమని పిలువబడుచున్న పద్ధతికి మూలపురుషులలో ఒకనిగా ఆయనను చెప్పుదురు. ఆ మహనీయుని విద్యాలయము మన దేశపు పొలములే. కావున ఆయన చరిత్రము మన భూస్వాములకును పట్టణవాసులకును తెలిసియుండుట అవసరమని మా అభిప్రాయము.

హోవర్డ్ 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు ప్రాంతమున కర్షక కుటుంబమున జన్మించెను. లండనులోను కేంబ్రిడ్జిలోను ప్రకృతిశాస్త్రముల నభ్యసించి, పైర్లకు వచ్చు తెగుళ్లను పరిశోధించుటకై 1899లో వెస్టిండీసు దీవులకు వెళ్లెను. అచట ఆయనకు ఒక లోపము గోచరించెను. సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి ఇతరులకు సలహాలిచ్చుటయే తన పని. ఆ సలహాలను ముందుగా తానే ఆచరించి చూచుకొనుటకు తన చేత భూమి లేదు. మేడి పట్టనివాడు మేడి పట్టినవానికి బోధించుట ఎంత ధర్మమను ఈ సందేహమే ఆయన జీవితమును నడిపించెను.

1905లో ఇండియా ప్రభుత్వమువారు బీహారులోని పూసాయందు క్రొత్తగా నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనాలయమునకు ఆయన వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చెను. ఆ సంవత్సరముననే గేబ్రియెల్ మాథాయీ అను విదుషిని వివాహమాడెను. ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధనలు చేసి పేరొందిన వృక్షశాస్త్రజ్ఞురాలు. ఇరువది యైదేండ్లపాటు దంపతులిరువురు ఒకే పొలమున, ఒకే పుస్తకమున కలిసి పనిచేసిరి. పూసా 4, పూసా 12 అను ప్రసిద్ధములైన గోధుమ రకములు వారి కృషి ఫలములే.

అయినను హోవర్డ్ దృష్టి విత్తనముతో ఆగలేదు. పూసా చుట్టుపట్ల గ్రామములలో చిన్నచిన్న కమతముల రైతులు ఏ మందును చల్లకయే పైర్లను చాలవరకు తెగుళ్లు లేకుండ పండించుకొనుట ఆయన చూచెను. ధాన్యపు పైరుతోపాటు పప్పు జాతి పైరును కలిపి వేయుట, పశువులను సేద్యమునకు అంగముగా చూచుకొనుట మొదలగు అలవాట్లు అజ్ఞానము కాదనియు, తరతరముల అనుభవమనియు గ్రహించెను. అంతట తనకు లభించిన 75 ఎకరముల భూమిలో ఆ రైతులను గురువులుగా ఎంచుకొని సేద్యమారంభించెను. రెండవ గురువు తెగులే. పైరునకు పురుగు పట్టినచో పురుగును చంపుటకు ముందు నేలలో గాని సాగులో గాని జరిగిన తప్పేమో వెదకవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

పరిశోధనాలయములలో ఒకే మొక్కను ఒక శాఖవారు వేరును, ఒక శాఖవారు పురుగును, మరియొక శాఖవారు మట్టిని చూచుచు విడదీసికొనుట ఆయనకు నచ్చలేదు. అందుచేత 1924లో పూసాను విడిచి ఇందూరులో నూతన పరిశోధనాలయమును స్థాపించెను. సెంట్రల్ కాటన్ కమిటీవారును, మధ్య ఇండియా సంస్థానములును దానికి ధనసహాయము చేసిరి. ప్రత్తి కొరకు ఏర్పడిన ఆ సంస్థ ప్రత్తికన్న ప్రత్తికట్టెవలన ఎక్కువ కీర్తి గాంచుట చిత్రము.

ఆనాటి మన రైతుల కష్టమిది. వంటచెరకు లేక పేడలో పెద్దభాగము పిడకలై పొయ్యి పాలగుచుండెను. మిగిలినది పొలమునకు చాలకుండెను. సీమ ఎరువులు కొనుటకు చేత పైకము లేకుండెను. ఉన్న కొద్దిపాటి పేడను పెంచుట ఎట్లు? చైనా కర్షకులు చెత్తను ఎరువుగా మార్చు విధానమును అమెరికా శాస్త్రజ్ఞుడు కింగ్ 1911లో వెలువడిన గ్రంథమున వర్ణించియుండెను. దానిని మన పల్లెల అనుభవముతో జోడించి హోవర్డ్ ఇందూరు పద్ధతిని రూపొందించెను. ప్రత్తికట్టెను బాటలపై పరచిన బండిచక్రముల క్రింద నలిగి పీచగును. దానిని ఆకులు, కలుపు, గడ్డితో కలిపి పశువుల క్రింద పరుపుగా వేయుదురు. పిమ్మట 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుగల గుంటలలో ఈ చెత్తను, పేడను, మూత్రము ఇంకిన కొట్టపు మట్టిని, బూడిదను పొరలు పొరలుగా పేర్చి నీరు చల్లుదురు. సుమారు రెండు వారములకు, నెలకు, రెండు నెలలకు మూడు మారులు తిరుగవేయుదురు. మూడు నెలలకు అది నల్లని, వాసన లేని, పొడిపొడియైన ఎరువగును. చెత్త మూడు పాళ్లు, పేడ యొక పాలు. ఇందే దీని కిటుకు కలదు. పేదరైతు కొనవలసిన వస్తువొక్కటియు లేదు. శ్రమ మాత్రము అధికమని ఒప్పుకొనవలయును.

ఈ కృషిలో యశ్వంత వాద్ అను భారతీయ రసాయనశాస్త్రజ్ఞుడు ఆయనకు కుడిభుజముగా నిలిచెను. 1931లో ఈ పద్ధతిని లోకమునకు వెల్లడించిన గ్రంథముపై ఇరువురి పేర్లును కలవు. అయినను హోవర్డ్ పేరెఱిగినవారిలో వాద్ పేరు విన్నవారెందరు? 1935లో మహాత్ముడు ఇందూరులో ఆ గుంటలను స్వయముగా దర్శించెను. ఆ యేడే హరిజన పత్రికలో ఆ పద్ధతి వివరింపబడెను.

గేబ్రియెల్ 1930లో మరణించెను. మరుసటి యేట హోవర్డ్ ఉద్యోగము విరమించి స్వదేశమునకు మరలెను. 1934లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. మొదటి మహాయుద్ధమున ప్రేలుడు పదార్థములకై విస్తరించిన నత్రజని కర్మాగారములు శాంతికాలమున పొలములవైపు తిరిగినవనియు, రసాయనపు బస్తా నేల ప్రాణమునకు ప్రత్యామ్నాయము కాజాలదనియు ఆయన ఎలుగెత్తి చాటెను. నేలనుండి తీసికొన్నదానిని తిరిగి నేలకీయవలెననునదే 1940లో వెలువడిన ఆయన ప్రధాన గ్రంథమునకు సారము. అమెరికాలో రోడేల్, ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్ ఆయన మార్గమున నడచిరి. 1947 అక్టోబరు 20వ తేదీన, మన దేశము స్వతంత్రమైన రెండు నెలలకు, ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన చెప్పినదంతయు వేదవాక్యమని మేము చెప్పము. మంచి మేత మేసిన తన ఎడ్లు గాలికుంటు సోకిన పశువులతో ముట్టె రాచుకొనియు జబ్బుపడలేదని ఆయన వ్రాసెను. అది చూచిన విషయమే గాని నిరూపిత సిద్ధాంతము కాదు. దానిని నమ్మి టీకాలు మానుట ప్రమాదము. ప్రజలందరి ఆకలి తీర్చుటకు సీమ ఎరువు అక్కఱలేదనుటయు వివాదాస్పదమే. కాని నేల నిర్జీవమైన రసాయనపు తొట్టి కాదను ఆయన మూలసూత్రమును నేటి శాస్త్రము కాదనుట లేదు.

మన సంగతి యేమి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2016లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము నారంభించిరి, అది హర్షణీయమే. మఱియొక ప్రక్క కోత యంత్రము వెడలిపోయిన పిమ్మట వరిగడ్డికి నిప్పు పెట్టుచున్నాము. ఇందూరులో బంగారమైన ప్రత్తికట్టె మన చేలగట్లపై మండుచున్నది. తప్పు దున్నువానిదే యనుట సులభము. వచ్చు సంవత్సరము ఈ చేను తనకుండునో లేదో తెలియని కౌలుదారు, రెండు మూడేండ్లకు గాని పూర్తి ఫలమీయని ఎరువునకై నేడేల శ్రమపడును? ఏటేట కౌలుదారును మార్చు భూస్వామి తన నేలను తానే దరిద్రమునకు అప్పగించుచున్నాడు. మడిగట్టున గుంట త్రవ్వింపుడు; దానితోపాటు త్రవ్వువానికి కొన్నియేండ్ల భరోసా నొసంగుడు. మొదటిదాని కయ్యెడి కూలి స్వల్పము; రెండవదానికి కావలసినది మనస్సొక్కటియే.