ఎదురుగాలిలో విల్బర్ రైట్

విమానం మొదటిసారి ఎక్కినవారికి ఒక సంగతి వింతగా తోస్తుంది. అంత పెద్ద యంత్రం రన్‌వే దాకా మన ఊరి ఆటోలా నెమ్మదిగా కదులుతుంది. పరుగందుకున్నాక గంటకు 250 కిలోమీటర్ల వేగం దాటి నేలను విడుస్తుంది. పైకి చేరాక సుమారు 900 కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది. ఈ వేగానికి బాట వేసిన అన్నదమ్ములలో పెద్దవాడు విల్బర్ రైట్. ఆయన జీవితం మాత్రం చాలాకాలం కదలకుండా నిలిచిపోయింది.

విల్బర్ 1867లో అమెరికాలోని ఇండియానాలో, దైవసేవకుడైన మిల్టన్ రైట్ గారి ఇంట పుట్టాడు. తండ్రి తరువాత బిషప్ అయ్యారు. కొడుకును యేల్ విశ్వవిద్యాలయానికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. అయితే 18 ఏళ్ల ప్రాయంలో మంచుమీద హాకీ ఆడుతుండగా ముఖానికి కర్ర తగిలి ముందుపళ్లు ఊడిపోయాయి. ఆరోగ్యం దెబ్బతింది. కాలేజీ మాట మరుగున పడింది. దాదాపు మూడేళ్లు ఇంటిపట్టునే ఉండి, క్షయతో మంచం పట్టిన తల్లికి ఊడిగం చేశాడు, తండ్రి పుస్తకాలు చదివాడు. 1889లో తల్లి కన్నుమూసింది.

తరువాత తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్‌లో సైకిళ్ల దుకాణం పెట్టాడు. ఆ దుకాణం సంపాదనతోనే విమాన ప్రయత్నం సాగింది. బలమైన గాలి, మెత్తని ఇసుక ఉన్నాయని కిట్టీహాక్ తీరాన్ని ఎంచుకున్నారు.

1903 డిసెంబరు 13 ఆదివారం. ఆ రోజు వారు విమానం జోలికి పోలేదు. మరునాడు విల్బర్ వంతు. గాలి పెద్దగా లేదు, పట్టాలు పల్లానికి ఉన్నాయి. యంత్రం జోరుగా దూసుకుపోయి, మూడున్నర సెకన్లలో ఇసుకమీద పడి దెబ్బతింది.

17వ తేదీన ఆర్విల్ ఎక్కాడు. గంటకు సుమారు 40 కిలోమీటర్ల ఎదురుగాలి. యంత్రం ఎంత మెల్లగా కదిలిందంటే, విల్బర్ రెక్క పట్టుకుని పక్కనే పరుగెత్తగలిగాడు. నేలమీద లెక్కిస్తే దాని వేగం గంటకు 11 కిలోమీటర్లే. రెక్కలను తాకిన గాలి వేగం మాత్రం సుమారు 50. విమానాన్ని లేపేది రెక్కలను దాటే గాలి వేగమే గాని నేలమీది వేగం కాదు. 12 సెకన్లపాటు అది ఎగిరింది. ఆ మధ్యాహ్నమే విల్బర్ 59 సెకన్లలో 260 మీటర్లు సాగాడు.

1908లో ఫ్రాన్సు జనం ఆయనకు జేజేలు పలికారు. అక్కడా ఆదివారం ఎగరలేదు. 1910లో 81 ఏళ్ల తండ్రి ఆర్విల్ పక్కన కూర్చుని, ఇంకా పైకి తీసుకుపొమ్మని అడిగారట. రెండేళ్లకే, 1912లో, టైఫాయిడ్‌తో విల్బర్ మరణించాడు. వయసు 45. ఆ ముసలి తండ్రే కొడుకును మట్టికి అప్పగించవలసి వచ్చింది.

నేటికీ పైలట్లు వీలైనంతవరకు గాలికి ఎదురుగానే విమానాన్ని లేపుతారు. మన సంఘాలలో చదువు ఆగిపోయిన యౌవనులున్నారు, మంచాన ఉన్న తల్లి పక్కన ఏళ్లు గడుపుతున్న బిడ్డలున్నారు. వారి నడకను నేలమీద కొలిచి తక్కువ చేయకండి.