వరద మిగిల్చిన మనిషి

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పాత చింతచెట్టు గురించి మీరు వినే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు కాపాడుకున్నారని చెబుతారు. ఆ రోజు అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. చనిపోయినవారు సుమారు 15 వేల మంది అని అంచనా. అంత పెద్ద లెక్కలో ఒక చిన్న కుటుంబమూ ఉంది. తల్లి, భార్య, చిన్నారి కూతురు... ముగ్గురూ కొట్టుకుపోయారు. ఇంట్లో ఒక్కరే మిగిలారు. ఆయనే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ.

ఊహ తెలియకముందే తండ్రి పోతే తల్లే పెంచి పెద్దచేసింది. పాతబస్తీలోని జామియా నిజామియాలో చదువుకున్నారు. కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. తర్వాత నిజాం ప్రభుత్వంలో లెక్కల శాఖ ఉద్యోగం. అంటే మనలాంటి మధ్యతరగతి జీవితమే.

దుఃఖంలో ఉన్నవారిని పరామర్శించడానికి వెళ్తే మనం ఏమంటాం? మర్చిపో, ధైర్యంగా ఉండు అంటాం. అమ్జద్ మర్చిపోవాలని చూడలేదు. ఆ వరద మీదే కవిత రాశారు. దానికి పెట్టిన పేరు ఖయామతె సుగ్రా, అంటే చిన్న ప్రళయం. జరిగినదాన్ని దాని పేరుతోనే పిలిచారు.

అక్కడే ఆగిపోనూ లేదు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఉద్యోగం చేశారు. సాదీ రాసిన గులిస్తాన్‌ను ఉర్దూలోకి తెచ్చారు. అన్నిటికంటే ఆయనకు పేరు తెచ్చినవి రుబాయీలు. దువ్వూరి రామిరెడ్డి పానశాల చదివినవారికి ఉమర్ ఖయ్యాం రుబాయీల రుచి తెలుసు. నాలుగే పాదాలు. సాధారణంగా మొదటి, రెండో, నాలుగో పాదాలకు ప్రాస కలుస్తుంది, మూడోది విడిగా నిలుస్తుంది. ఆ కొద్దిచోటులో అమ్జద్ మనిషి అహాన్ని, ఆశను, దేవుడి ముందు తన చిన్నతనాన్ని తరచి చూసుకున్నారు. వరద తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికి, 1961లో కన్నుమూశారు.

రాయడం మనసుకు మేలు చేస్తుందా? 1980లలో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ దీన్నే పరీక్షించారు. కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రాయించారు. జరిగింది, దానివల్ల అనిపించింది రెండూ రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. అయితే అందరికీ ఒకేలా పనిచేయదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

మీరు కవి కానక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు నాలుగు వాక్యాలు రాసి చూడండి. ఏం జరిగింది? నాకేమనిపించింది? అందులో నా వంతెంత? రేపు ఏం చేస్తాను? ఉదాహరణకు కూర మాడిందని ఇంట్లో కేకలేశారనుకోండి. మొదటి రెండూ ఇట్టే రాసేస్తారు. కలం ఆగేది మూడో వాక్యం దగ్గరే. ఆఫీసులో పడ్డ మాట ఇంట్లో దించుకున్నానని అక్కడే బయటపడుతుంది. అది తెలిశాక నాలుగో వాక్యం దానంతటదే వస్తుంది. ఆ కాగితం ఎవరికీ చూపించాల్సిన పనిలేదు.

ఒక జాగ్రత్త. ఆత్మీయులను పోగొట్టుకున్న తొలిరోజుల్లో ఎవరినీ రాయమని బలవంతపెట్టకండి. అప్పుడు కావాల్సింది పక్కన మనిషి, రెండు ముద్దల అన్నం, కాస్త నిద్ర. మూడో వాక్యం కూడా అక్కడ వద్దు. పోయినవారి విషయంలో తప్పంతా తమదేనని నిందించుకునేవారే ఎక్కువ. వారాలు గడిచినా తిండి, నిద్ర కుదుటపడకపోతే వైద్యులను కలవాలి. చావు ఆలోచనలు వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ వరద తర్వాత నగరం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. మీద పడే నీటిని నిలిపి, మెల్లగా వదిలే ఏర్పాటు అది. మనసుకూ అలాంటిదొకటి ఉండాలి. ఈ రాత్రి నాలుగు వాక్యాలతో మొదలుపెట్టండి.