వానపాములతో నలభై ఏళ్లు

వాన వెలిసిన మరునాడు బడి ఆవరణలో చిన్న చిన్న మట్టి ఉండలు కుప్పలుగా కనిపిస్తాయి. అవి వానపాములు విసర్జించిన మట్టి. మనం వాటిని తొక్కుకుంటూ పోతాం. చార్లెస్ డార్విన్ అలా పోలేదు.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో జన్మించాడు. తండ్రి పేరుపొందిన వైద్యుడు. కొడుకునూ వైద్యుణ్ణి చేయాలనుకున్నాడు కానీ ఆ చదువు డార్విన్‌కు పట్టుబడలేదు. 1831లో బీగిల్ అనే ఓడలో ప్రపంచయాత్రకు బయలుదేరి, దాదాపు ఐదేళ్ల తర్వాత తిరిగివచ్చాడు. జీవపరిణామం గురించి 1859లో ఆయన ప్రచురించిన గ్రంథం జగత్ప్రసిద్ధం. ఆ సంగతి మీరు విజ్ఞానశాస్త్రంలో చదువుతారు. ఇక్కడ చెప్పబోయేది అంతగా తెలియని మరో కథ.

1837లో డార్విన్ తన మేనమామ వెడ్జ్‌వుడ్ ఇంటికి వెళ్లాడు. కొన్నేళ్ల క్రితం పచ్చిక బయలు మీద చల్లిన సున్నం, కాలిన బొగ్గు ముక్కలు పైన ఎక్కడా కనబడలేదు. తవ్విచూస్తే కొన్ని అంగుళాల లోతున పొరలా ఉన్నాయి. వానపాములు కింది మట్టిని తిని పైకి తెచ్చి పోయడం వల్లనే అవి లోపలికి దిగాయని మేనమామ ఊహించాడు. ఆ ఏడే డార్విన్ ఈ విషయాన్ని లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో వివరించాడు. అందరూ ఒప్పుకోలేదు. అంత బలహీనమైన ప్రాణి అంత పని చేయగలదా అని 1869లో కూడా ఒకరు ఆక్షేపించారు.

వాదించి లాభం లేదు, కొలిచి చూపాలి. 1842లో డార్విన్ డౌన్ అనే పల్లెలో స్థిరపడి, ఆ డిసెంబరులోనే ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించాడు. తర్వాత వేచి ఉన్నాడు. ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై తొమ్మిదేళ్లు! 1871లో కందకం తవ్విస్తే సుద్ద ఏడంగుళాల లోతున తెల్లని గీతలా కనిపించింది. ఆ ఏళ్లలో ఆయన ఆరోగ్యం తరచూ చెడిపోయేది. అయినా ఆ పొలాన్ని మరువలేదు.

గదిలో మట్టికుండీలలో వానపాములను పెంచాడు. కొడుకు సన్నాయివంటి పెద్ద వాద్యం ఊదినా అవి కదలలేదు. కుండీలను పియానో మీద పెట్టి మీట నొక్కగానే, ఆ అదురుకు చటుక్కున బొరియల్లో దూరాయి. వాటికి చెవులు లేవు, స్పర్శ ఉంది. మూడు వందలకు పైగా కాగితపు త్రికోణాలను వేసి చూస్తే, ఎక్కువవాటిని సన్నని కొనవైపు పట్టి బొరియలోకి లాగాయి. ఇంట్లోవాళ్లకు ఇదంతా వింతగానే ఉండి ఉంటుంది.

రాలిన ఆకులను వానపాము లోపలికి లాగుతుంది. మట్టితోపాటు మింగుతుంది. దాని కడుపులోని కండరాల సంచిలో ఇసుకరేణువులు తిరుగలిరాళ్లలా ఒరుసుకుని పొడి అవుతాయి. ఆకుల సారం కలిసిన మెత్తని మట్టి పైకి వస్తుంది. బొరియల గుండా గాలి, నీరు వేళ్లకు అందుతాయి. నిర్జీవమైన రాయీ ఇసుకా, జీవించే మొక్కా ఈ ప్రాణి ద్వారా ఒకదానికొకటి తోడవుతాయి. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల శరీరాల గుండా సాగుతుందని డార్విన్ లెక్కకట్టాడు.

ఈ విషయాలన్నీ చేర్చిన పుస్తకం 1881 అక్టోబరులో వెలువడింది. అదే ఆయన చివరి గ్రంథం. కొద్ది వారాల్లోనే వేల ప్రతులు అమ్ముడుపోయాయి. 1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. డౌన్‌లోని ఇంటి తోటలో, ఒక రాయి మట్టిలోకి ఎంత దిగుతున్నదో కొలిచే పనిని ఆయన కుమారుడు హొరేస్ ఆ తర్వాతా కొనసాగించాడు.